ఒక కుర్చీ, రెండు వందల జరిమానా: ఒక హిరోషిమా దినం కేసు

చట్టం లెక్కన ఇది చాలా చిన్న కేసు. చివరికి మిగిలిన నేరానికి గరిష్ఠ శిక్ష రెండు వందల రూపాయల జరిమానా. జిల్లా కోర్టుల్లో ఇరవై రెండేళ్లుగా క్రిమినల్ కేసులు చూస్తున్నాను. అయినా వకీలు పని అంటే ఏమిటో మొదటి నుంచి మళ్లీ ఆలోచించుకునేలా చేసింది ఈ కేసే. కక్షిదారు అనుమతితో రాస్తున్నాను. పేరు వద్దనుకున్నది నేను. ఆయనకు అభ్యంతరం లేదు. ఊరు, స్టేషను, కోర్టు కూడా చెప్పను. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఒక పట్టణం అనుకుంటే చాలు. ఊళ్లో అందరూ పిలిచినట్టే ఆయనను ‘సారు’ అని రాస్తాను.

జరిగింది

2024 ఆగస్టు 6, మంగళవారం. ఉదయం ఎనిమిది దాటగానే సారు ఇంట్లోంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ తీసుకుని ఆటోలో చౌరస్తాకు వచ్చారు. డెబ్బై ఆరేళ్లు, మోకాళ్లు వంగవు. అందుకే కుర్చీ. దాన్ని రోడ్డు అంచున, మూతపడి ఉన్న ఒక దుకాణం మెట్ల పక్కన వేసుకున్నారు. మెడలో అట్టముక్క వేలాడుతోంది. దాని మీద ఆయన చేతిరాత: “హిరోషిమా. 1945 ఆగస్టు 6, ఉదయం 8.15. ఈ పని ఏ దేశమూ మళ్లీ చేయకూడదు. మన దేశం కూడా.”

సరిగ్గా 8.15కు కూర్చున్నారు. మైకు లేదు, నినాదం లేదు. గంటసేపు మౌనం, అంతే. పాతిక నిమిషాలకు పోలీసు వాహనం వచ్చింది. లేవమన్నారు. “గంట కూర్చుంటానని ముందే రాసి ఇచ్చాను. తొమ్మిదింబావుకు నేనే లేస్తాను” అని సారు జవాబు. ఇద్దరు పట్టుకుని లేపారు. ఆయన పెనుగులాడలేదు, సహకరించనూ లేదు, శరీరాన్ని వదిలేశారు. కుర్చీతో సహా స్టేషనుకు తీసుకెళ్లారు. మధ్యాహ్నం ఒక హెడ్ కానిస్టేబుల్ “సారూ, మందులు వేసుకున్నారా?” అని అడిగి, ఇంటికి ఫోను చేసి మాత్రలు తెప్పించారు. ఆయనకు చక్కెర జబ్బు ఉంది. సాయంత్రం ఆరింటికి నోటీసు చేతికిచ్చి పంపించారు. కుర్చీ ఇవ్వలేదు. అది కేసు సొత్తు అయింది.

అసలు సంగతి అంతకు పది రోజుల ముందు మొదలైంది. సారు జిల్లా పోలీసు అధికారికి రిజిస్టరు పోస్టులో ఉత్తరం రాశారు. ఎక్కడ, ఎన్ని గంటలకు, ఎంతసేపు, దేని మీద కూర్చుంటారు, అట్ట మీద ఏమి రాసి ఉంటుంది, అన్నీ అందులో ఉన్నాయి. చివరి వాక్యాలు ఇవి: “అనుమతి ఇస్తే సంతోషిస్తాను. ఇవ్వకపోయినా వస్తాను. నా మీద చర్య తీసుకునే అధికారం మీకు ఉంది. దానికి నేను అడ్డుపడను.” సభలకు, ఊరేగింపులకు ముందస్తు అనుమతి ఉండాలనే పోలీసు చట్టం 30వ సెక్షను జిల్లాలో అమల్లో ఉన్నందున అనుమతి లేదని జవాబు వచ్చింది. ఆయన ఆ జవాబును మడిచి జేబులో పెట్టుకునే చౌరస్తాకు వెళ్లారు.

ఎవరీయన

సారు 1948లో మూసీ ఒడ్డున ఒక ఊళ్లో పుట్టారు. ఆ ఏడాది పుట్టాడంటే ఈ జిల్లాలో ఇంకేమీ చెప్పనక్కరలేదు. రజాకార్లు, సెప్టెంబరులో సైనిక చర్య, ఆ తర్వాత కూడా 1951 దాకా సాగిన సాయుధ పోరాటం, పల్లెల్లో సైనిక శిబిరాలు. తండ్రి దళంలో ఉన్నారు. తల్లి చంకలో ఈ పిల్లవాణ్ని పెట్టుకుని గుట్టల్లోకి అన్నం మోసుకెళ్లింది. తుపాకి పట్టిన తండ్రిని సారు ఈ రోజు వరకు ఒక్క మాట అనలేదు. “ఆయన కాలం వేరు, ఆయన ఎదుట నిలిచిన దొర వేరు. నా ఎదుట ఉన్నది బాంబు. దాన్ని తుపాకితో ఏమి చేస్తాం?” అంటారు.

ప్రభుత్వ పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పారు. 1998 మే 11న, 13న పోఖ్రాన్‌లో అణుపరీక్షలు జరిగాయి. అప్పుడు వేసవి సెలవులు. జూన్‌లో బడి తెరిచాక పదో తరగతి పిల్లలు ఆ సంగతి ఎత్తి చప్పట్లు కొట్టారట. కేంద్రక విచ్ఛిత్తి పాఠం చెప్పింది తానే. బాంబు ఎలా పేలుతుందో చెప్పాను గానీ, పేలితే ఏమవుతుందో చెప్పలేదే అని ఆయనకు తోచింది. ఆ ఏడాది ఆగస్టు 6న మొదటిసారి బడి గేటు దగ్గర గంటసేపు మౌనంగా నిలబడ్డారు. అప్పటి నుంచి ఒక్క ఏడాదీ మానలేదు. 2006లో పదవీ విరమణ చేశాక చౌరస్తాకు మారారు. మోకాళ్లు పోయాక కుర్చీ వచ్చింది.

మన ప్రాంతంలో యురేనియం మాట ఊరికే వినిపించే మాట కాదు. నాగార్జునసాగర్‌కు దగ్గరలోని లంబాపూర్, పెద్దగట్టుల్లో యురేనియం తవ్వకాల ప్రతిపాదన వచ్చినప్పుడు, 2003లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణకు సారు వెళ్లారు. ఆ తర్వాత నల్లమల వంతు వచ్చింది. పాలమూరు వైపు అమ్రాబాద్ గూడేలలో చెంచులు అన్వేషణ బృందాలను అడ్డుకున్నారు. 2019 సెప్టెంబరులో రాష్ట్ర శాసనసభ ఆ తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. సారు ఏటా పంచే కరపత్రంలో ఒక పేరా ఎప్పుడూ మారదు: హిరోషిమా మీద పడిన బాంబులో ఉన్నది సుమారు 64 కిలోల యురేనియం. దానిలో ఎక్కువ భాగం కాంగోలోని షింకోలోబ్వే గనిది. ఆ గనిలో తట్టలు మోసినవాళ్లకు ఆ రాయి ఎక్కడికి పోతుందో ఎవరూ చెప్పలేదు. 1945 చివరికే హిరోషిమాలో దాదాపు 1,40,000 మంది చనిపోయారు. దాని కింద ఒకే ప్రశ్న: “మన ఊరి రాయి ఎక్కడికి పోతుందో మనం అడగవద్దా?” లంబాపూర్ రాయి విద్యుత్తు కోసమే అని ప్రభుత్వం చెప్పింది. సారు ఆ మాటను కాదనరు. అడిగే హక్కు మాత్రం వదులుకోరు.

మరో సంగతి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే చౌరస్తాలో ఒకాయన సారును దేశద్రోహి అని అరిచాడని చార్జిషీటులో ఉంది. కర్నల్ సంతోష్‌బాబుది మా సూర్యాపేట. 2020 జూన్ 15న గల్వాన్‌లో ఆయనతో కలిపి 20 మంది మన సైనికులు చనిపోయారు. అంత్యక్రియల రోజున సారు రోడ్డు పక్కన ఎండలో నిలబడి దండం పెట్టుకుని వచ్చారు. యుద్ధం వద్దన్నవాడు సైనికుడికి శత్రువు అన్న మాటను నేను ఎక్కడ విన్నా ఒప్పుకోను.

మొదటి సమావేశం

సారు కంటే ముందు ఆయన కూతురు వచ్చింది. ప్రభుత్వ ఉద్యోగి, భయపడి ఉంది. “ఎలాగైనా కేసు కొట్టేయించండి మేడం. నాన్నకు జైల్లో ఒక్క రాత్రి కూడా గడవదు. పింఛను కూడా పోతుందేమో” అంది. ఆ భయాన్ని తేలిగ్గా తీసుకోలేదు. 1980 నాటి పింఛను నియమావళి 8వ నియమం ప్రకారం, పదవీ విరమణ తర్వాత కూడా సత్ప్రవర్తన ఒక షరతు. తీవ్రమైన నేరంలో శిక్ష పడితే పింఛను ఆపవచ్చు. రెండు వందల జరిమానా నేరం ఆ కోవలోకి రాదు. నియమావళి పేజీ తెరిచి ఆమెకు చూపించాను. కొంత కుదుటపడింది.

తర్వాత సారు వచ్చారు. కాగితాలు చూసి, నాకు కనిపించిన దారులన్నీ వరసగా చెప్పాను. మంచి దారులే, ఒకటి రెండు చాలా బలమైనవి కూడా. ఆయన ఓపికగా విన్నారు. “బిడ్డా, ఇవన్నీ నేను కూర్చోలేదని చెప్పడానికా?” అని అడిగారు.

“కాదు సార్. కూర్చోవడం నేరం కాదని చెప్పడానికి.”

“నేరమో కాదో కోర్టు చెప్తుంది. కూర్చున్నానని నేను చెప్పాలి. తప్పు అని మాత్రం చెప్పను.”

మన భాషలో ఈ రెండు మాటలూ కలిసిపోయాయి. కోర్టు హాల్లో రోజూ వింటాం. “నేరం ఒప్పుకుంటున్నావా?” అని అడిగితే “తప్పయింది సార్” అని జవాబు. నేరం చట్టంలోది, తప్పు మనసులోది. సారు ఆ రెంటినీ విడదీసి నా బల్ల మీద పెట్టారు. కేసు మొత్తం ఆ గీత మీదనే నడిచింది.

కూతురిని కూడా కూర్చోబెట్టి స్పష్టంగా చెప్పాను: నా కక్షిదారు మీ నాన్నగారు. ఆయన ఆరోగ్యం గురించి మీరు చెప్పిన ప్రతిదీ కోర్టుకు చెప్తాను. ఆయన మాటను మాత్రం మీ కోసం మార్చను. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. సారు ఏమీ అనలేదు.

సెక్షన్లు

ఎఫ్‌ఐఆర్ చదివితేనే తొందర తెలుస్తుంది. కొత్త క్రిమినల్ చట్టాలు 2024 జూలై 1న అమల్లోకి వచ్చాయి. ఇది ఆగస్టు 6. మొదట పాత శిక్షాస్మృతి 188 అని రాసి, కొట్టేసి, భారతీయ న్యాయ సంహిత 223 అని రాశారు. దానికి తోడు 285, అంటే ప్రజామార్గంలో అడ్డంకి కల్పించడం. 126(2), అంటే అక్రమ నిరోధం. చివరగా 1861 నాటి పోలీసు చట్టం 32, అంటే 30వ సెక్షను కింద ఇచ్చిన ఉత్తర్వును ఉల్లంఘించడం. కుర్చీలో కూర్చున్న ఒక ముసలాయనకు నాలుగు సెక్షన్లు.

వీటిలో 223 బరువైనది. అధికారి చట్టబద్ధంగా జారీచేసిన ఉత్తర్వును ధిక్కరిస్తే ఆరు నెలల దాకా సాధారణ ఖైదు లేదా 2,500 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పాత 188లో మామూలుగా ఒక నెల, 200 రూపాయలు ఉండేవి. శిక్ష పెరిగింది కాబట్టి ఇలాంటి కేసులు చేపట్టేవాళ్లు దీన్ని మునుపటిలా చూడకూడదు. అయితే తాళం కూడా ఉంది. క్రిమినల్ కేసులు నడిపే పద్ధతిని చెప్పే కొత్త చట్టం నాగరిక సురక్షా సంహిత. దాని 215వ సెక్షను ప్రకారం, ఉత్తర్వు ఇచ్చిన అధికారో ఆయన పై అధికారో రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే తప్ప కోర్టు ఈ నేరాన్ని విచారణకు స్వీకరించరాదు. పాత చట్టంలో ఇదే 195. 2010లో మునియప్పన్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టంగా చెప్పింది. ఇక్కడ ఉత్తర్వు జిల్లా అధికారిది. కోర్టుకు వచ్చింది మాత్రం ఎస్సై చార్జిషీటు. ఈ ఒక్క కారణంతో 223 నిలవదు.

285, 126(2) అయితే ఇంకా బలహీనం. అడ్డంకి కలిగిందంటే ఎవరికో కలగాలి. నిరోధించారంటే ఎవరినో నిరోధించాలి. సాక్షుల జాబితాలో ఇద్దరు పోలీసులు, ఒక పంచ్ (పంచనామా సాక్షి), దేశద్రోహి అని అరిచిన దుకాణదారు తప్ప దారి ఆగిన మనిషి ఒక్కడూ లేడు. 2020లో షాహీన్‌బాగ్ తీర్పులో సుప్రీంకోర్టు ప్రజామార్గాలను నిరవధికంగా ఆక్రమించరాదని చెప్పిన మాట నిజమే. మూసిన దుకాణం మెట్ల పక్కన గంటసేపు వేసిన కుర్చీ ఆ మాట కిందికి రాదు.

ఇక 30వ సెక్షను గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మా జిల్లాల్లో ప్రతి నెలా పత్రికల్లో ఒక చిన్న వార్త వస్తుంది: ఈ నెల ఒకటి నుంచి నెలాఖరు దాకా 30, 30(ఎ) అమలు, అనుమతి లేనిదే సభలు, ర్యాలీలు నిషేధం. మరుసటి నెలా అదే వార్త. చట్టంలోని మాట మాత్రం ‘సందర్భం కోరినప్పుడు’ అని. పన్నెండు నెలలూ సందర్భమే అయితే ఆ మాటకు అర్థం ఏముంది? 1857 తిరుగుబాటు తర్వాత నాలుగేళ్లకు బ్రిటిషువారు చేసుకున్న చట్టం ఇది. 1972లో హిమత్‌లాల్ షా కేసులో రాజ్యాంగ ధర్మాసనం, బహిరంగ స్థలంలో సభ జరుపుకోవడాన్ని క్రమబద్ధం చేయవచ్చు గానీ అధికారి ఇష్టానికి వదిలేయకూడదని చెప్పింది. ఈ నెలవారీ ఉత్తర్వులను ఎవరో ఒకరు హైకోర్టులో గట్టిగా ప్రశ్నించాలని నేను చాలాకాలంగా అనుకుంటున్నాను. ఆ కేసు ఇదే అవుతుందనుకున్నాను కూడా.

అంతకంటే సులువైన వాదన ఒకటి దొరికింది. 30వ సెక్షను సభను, ఊరేగింపును ఏర్పాటు చేసేవారికి వర్తిస్తుంది. ఒక్క మనిషి సభ ఎలా అవుతాడు? ఉత్సాహంగా సారుకు చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపారు. “మూడు వందల కరపత్రాలు పంచాను బిడ్డా. అందరూ రండి అని రాశాను. ఎవరూ రాలేదు. రాకపోవడం నా తెలివి కాదు కదా, దాన్ని నా రక్షణగా వాడుకోను.”

అరెస్టు మీద కూడా మాట్లాడుకున్నాం. సురక్షా సంహిత 35(7) కొత్త రక్షణ: మూడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరంలో, అరవై ఏళ్లు దాటినవారిని డీఎస్పీ స్థాయి అధికారి ముందస్తు అనుమతి లేకుండా అరెస్టు చేయరాదు. సారు విషయంలో ఆ అనుమతి కాగితం నాకు కనిపించలేదు. అడిగితే అది అరెస్టు కాదు, ముందుజాగ్రత్త నిర్బంధం అన్నారు. వృద్ధుల కేసుల్లో ఈ సెక్షనును మొదటి గంటలోనే స్టేషనులో చూపించాలి. నాకు కబురు సాయంత్రానికి అందింది. ఫిర్యాదు పెడదామంటే సారు వద్దన్నారు. “మాత్రలు తెప్పించినవాడి ఉద్యోగానికే చుట్టుకుంటుంది” అన్నారు.

ఒప్పుకోలు ఎలా ఉండాలి

ఈ దశలో నేను చదివినవి నాకు పనికొచ్చాయి. 1917 ఏప్రిల్ 18న మోతీహారీ కోర్టులో గాంధీ నిలబడింది ఇదే 188 కింద. చంపారన్ వదిలి వెళ్లమన్న ఉత్తర్వును ధిక్కరించారు. ఆయన స్వయంగా బారిస్టరు. వాదించడానికి పాయింట్లు తెలియక కాదు. ధిక్కరించానని చెప్పి, అధికారం మీద గౌరవం లేక కాదని, అంతకంటే పెద్ద ధర్మమైన అంతరాత్మ మాట విన్నానని చెప్పారు. మేజిస్ట్రేటుకు ఏం చేయాలో పాలుపోక తీర్పు వాయిదా వేశారు. చివరికి ప్రభుత్వమే కేసు వెనక్కి తీసుకుంది.

సారుకు దగ్గరి పోలిక మరొకటి. 1940 అక్టోబరు 17న వినోబా భావే మొదటి వ్యక్తి సత్యాగ్రహిగా యుద్ధానికి వ్యతిరేకంగా మాట్లాడారు. మనుషులతో గాని డబ్బుతో గాని యుద్ధానికి సాయపడటం తప్పని ఆ సత్యాగ్రహుల నినాదం. ఎక్కడ, ఎప్పుడు మాట్లాడతారో అధికారులకు ముందే తెలియజేయడం వాళ్ల పద్ధతి. సారు ఉత్తరం ఆ పద్ధతిదే. అదే వినోబా 1951 ఏప్రిల్ 18న మన పోచంపల్లికి వచ్చారు. నలభై దళిత కుటుంబాలు ఎనభై ఎకరాలు అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇచ్చారు. భూదాన పోచంపల్లి అనగానే అందరికీ ఆ రోజే గుర్తుకొస్తుంది. ఆ నడిచొచ్చిన మనిషి యుద్ధాన్ని వ్యతిరేకించి జైలుకు వెళ్లిన మనిషి అన్న సంగతి మాత్రం మా జిల్లాలో చాలామందికి తెలియదు.

నా సందేహాన్ని తీర్చింది మాత్రం అమెరికా కేసు ఒకటి. 2012 జూలై 28న మెగన్ రైస్ అనే 82 ఏళ్ల సన్యాసిని, మరో ఇద్దరితో కలిసి టెనెసీ రాష్ట్రంలోని ఓక్‌రిడ్జ్ అణ్వాయుధ కర్మాగారంలోకి కంచెలు కత్తిరించి వెళ్లింది. హిరోషిమా బాంబుకు యురేనియం శుద్ధి చేసింది అక్కడే. గోడల మీద శాంతి వాక్యాలు రాశారు, రక్తం చల్లారు, పట్టుకునేదాకా అక్కడే ఉన్నారు. చేసింది ఆమె దాచలేదు. 2014లో ఆమెకు 35 నెలల శిక్ష పడింది. 2015 మేలో అప్పీలు కోర్టు దేశ రక్షణకు హాని తలపెట్టారన్న నేరాన్ని కొట్టేసింది. ఆస్తికి నష్టం కలిగించిన నేరం అలాగే ఉంచింది. ముగ్గురూ విడుదలయ్యారు. అంటే ఆమె చేసినది ఆమె మీద నిలిచింది, చేయనిది తొలగిపోయింది.

ఇదే సారుకు చెప్పాను. “కూర్చున్నారు, ఒప్పుకోండి. దారి అడ్డలేదు, ఎవరినీ ఆపలేదు. అవి ఒప్పుకుంటే అబద్ధం చెప్పినట్టే.” ఈ మాట ఆయనకు వెంటనే పట్టింది. 223 మాటేమిటన్నారు. రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలని చట్టం అధికారి మీద పెట్టిన బాధ్యత అది, దాన్ని మీరు మాఫీ చేయలేరన్నాను. కాసేపు ఆలోచించి సరే అన్నారు.

పెద్ద హానిని తప్పించడానికి చిన్న హాని చేశానన్న రక్షణ, అంటే న్యాయ సంహిత 19వ సెక్షను కూడా తిరగేశాను. ఆ ప్రమాదం ముంగిట్లో ఉండాలి. చౌరస్తాలో కుర్చీ వేయకపోతే ఆ రోజు బాంబు పడుతుందని ఎవరం చెప్పలేం. దాన్ని అక్కడితో వదిలేశాను.

మంచి నడవడి షరతుపై బాండు రాయించుకుని విడిచిపెట్టే సురక్షా సంహిత 401 గురించీ అడిగాను. “వచ్చే ఆగస్టులో కూర్చుంటాను కదా. సంతకం ఎలా పెడతాను?” అన్నారు. హైకోర్టుకు వెళ్లడానికీ ఇష్టపడలేదు. నా 30వ సెక్షను వాదన నా బ్యాగులోనే ఉండిపోయింది.

ఇక్కడొక హెచ్చరిక. ఇది సారు దారి. ఉద్యోగం వెతుక్కునే పిల్లలో, పాస్‌పోర్టు కావలసినవాళ్లో ఇదే కేసుతో వస్తే నేను ఈ సలహా ఇవ్వను. శిక్ష చిన్నదైనా పోలీసు విచారణ కాగితంలో ఏళ్ల తరబడి వెంటాడుతుంది. అలాంటివాళ్ల కోసం ఆ సాంకేతిక పాయింట్లన్నీ చివరిదాకా వాడాలి, సంకోచం అక్కరలేదు.

కోర్టు రోజు

మధ్యలో కోర్టు కానిస్టేబుల్ రెండుసార్లు ఫోను చేశారు. లోక్ అదాలత్ ఉంది, సారును తీసుకురండి, ఒప్పుకుని వందో రెండు వందలో కట్టేసి వెళ్లిపోవచ్చు అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. అక్కడ వరసలో నిలబెట్టి అందరి చేతా ఒకే మాట చెప్పిస్తారు; సారు మాటకు చోటుండదు. రెగ్యులర్ వాయిదాకే వస్తామన్నాను.

ఆ వాయిదా వచ్చేలోపు, 2024 అక్టోబరులో, హిరోషిమా, నాగసాకి బాధితుల సంఘం నిహోన్ హిడాంక్యోకు నోబెల్ శాంతి బహుమతి ప్రకటించారు. పత్రిక కత్తిరింపు మడిచి పట్టుకుని సారు నా ఆఫీసుకు వచ్చారు. దీన్ని కోర్టుకు ఇవ్వవచ్చా అని అడిగారు. అవసరం లేదన్నాను. అయినా ఆ రోజు అది ఆయన జేబులోనే ఉంది.

సురక్షా సంహిత 215 మీద, 274 మీద నేను ముందే మెమో వేశాను. సమన్ల కేసులో ఆరోపణకు ఆధారం లేదనిపిస్తే కారణాలు రాసి విడుదల చేయమని 274 చెప్తుంది. ప్రభుత్వం తరఫు వకీలు ఏపీపీ గారు పెద్దగా అడ్డుచెప్పలేదు. ఫిర్యాదు లేనందున 223ను స్వీకరించడం లేదని, బాధితులెవరూ లేనందున 285, 126(2) నిలవవని మేజిస్ట్రేటు గారు రాయించారు. మిగిలింది పోలీసు చట్టం 32.

సారును ముందుకు పిలిచారు. ఆరోపణ తెలుగులో వివరించి, ఒప్పుకుంటున్నారా అని అడిగారు. సారు ఇంట్లో రాసుకున్న కాగితం తీయలేదు. “అనుమతి లేదని తెలిసి కూర్చున్నాను. లేవమన్నారు, లేవలేదు. నేను చేసింది తప్పని అనుకోవడం లేదు. బాంబు ఎవరు వేసినా తప్పు. శిక్ష మీరు వేయండి, తీసుకుంటాను.” నాలుగు వాక్యాలే అనుకున్నాం, అయిదు అయ్యాయి.

మేజిస్ట్రేటు గారు చిన్న వయసు వారు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత “మీకు కుర్చీ వేయించమంటారా?” అని అడిగారు. సారు వద్దన్నారు. వయసు, ఆరోగ్యం, అంతకుముందు శిక్షలు లేకపోవడం నేను చెప్పాను. రెండు వందల జరిమానా, కట్టకపోతే కోర్టు లేచేవరకు సాధారణ ఖైదు. కుర్చీ తిరిగి ఇచ్చేయాలి.

కూతురు చేతిలో రెండు వందల నోటు సిద్ధంగా ఉంది. సారు ఆమె గుప్పిట మూసి, “సాయంత్రం దాకా ఇక్కడే కదమ్మా” అని వెనక బెంచీలో కూర్చున్నారు. మధ్యాహ్నం ఆమె టిఫిన్ డబ్బా తెచ్చింది. మాత్రలు కూడా.

ఆ మధ్యాహ్నమంతా చిన్న కేసులే పిలిచారు. తాగి బండి నడిపినవాళ్లు, పేకాట ఆడినవాళ్లు. ప్రతి ఒక్కరూ “తప్పయింది సార్” అనేసి జరిమానా కట్టి వెళ్తున్నారు. అరటిపండ్ల తోపుడుబండి అబ్బాయి ఒకడు వచ్చాడు. 285. తప్పయిందన్నాడు, కట్టాడు, వెళ్లాడు. సారు నా వైపు వంగి, “ఆ అబ్బాయి ఏమి చేశాడు?” అని మెల్లగా అడిగారు. రోడ్డు పక్కన పండ్లు అమ్మాడని చెప్పాను. “అది నా మీద కొట్టేసిన సెక్షనే కదా?” అన్నారు. అవును, అదే. ఎవరికి అడ్డం కలిగిందని సారు తరఫున నేను అడిగాను. ఆ అబ్బాయి తరఫున అడిగేవాళ్లు లేరు. ఆ తర్వాత నెల నుంచి చిన్న కేసుల రోజున న్యాయ సేవల తరఫున ఆ హాల్లో కూర్చుంటున్నాను. తోపుడుబండి కేసులు ఇప్పటికి ఆరు వాదించాను.

అయిదింటికి కోర్టు లేచింది. సారు కూడా లేచారు.

నకలు

నా పొరపాటు ఇప్పుడు చెప్పాలి. ఒప్పుకోలు నమోదైన పత్రాన్ని ఆ రోజు సంతకానికి ముందు నేను చదవలేదు. సురక్షా సంహిత 275 చాలా స్పష్టంగా ఉంది: ముద్దాయి ఒప్పుకోలును వీలైనంత వరకు అతని మాటల్లోనే రాయాలి. పది రోజుల తర్వాత నకలు చేతికి వచ్చింది. అచ్చు ఫారంలో ఖాళీలు నింపి ఉన్నాయి. ముద్దాయి నేరం అంగీకరించి, దయ చూపమని వేడుకున్నాడని ఇంగ్లీషులో ఉంది.

సారుకు చదివి వినిపించాను. ఆయనకు ఇంత కోపం రావడం నేను అప్పుడే చూశాను. “దయ ఎక్కడ అడిగాను?” అన్నారు. మరేమీ అనలేదు. అనకపోవడమే నాకు కష్టంగా ఉంది. ఆ మాటల కోసమే కదా ఇన్ని దారులు వదులుకున్నాం.

మరుసటి రోజే మెమో వేశాను. 275లోని మాటలు ఎత్తి రాసి, ముద్దాయి చెప్పినది చెప్పినట్టు రికార్డులో చేర్చమని కోరాను. బెంచి క్లర్కు ఆ రోజు చేత్తో రాసుకున్న కాగితం ఇంకా ఫైల్లోనే ఉంది. టైపు చేసేటప్పుడు అలవాటుగా ఫారం నింపేశారు. మేజిస్ట్రేటు గారు ఆ చేతిరాత కాగితాన్ని తెప్పించుకుని చదివి, ఫారంలోని వాక్యం పొరపాటున పడిందని నమోదు చేసి, సారు అయిదు వాక్యాలను తెలుగులోనే రికార్డులో చేర్పించారు. ఇలాంటి కేసు చేసే ప్రతి వకీలుకూ నేను చెప్పేది ఇంతే: మీ కక్షిదారు నోరు తెరిచిన తర్వాత ఆ కాగితం మీ కళ్లతో చూడకుండా హాలు దాటకండి.

కుర్చీ స్టేషను నుంచి రావడానికి మరో ఏడు వారాలు పట్టింది. ఒక కాలు పగిలింది. సారు ఇనుప తీగ చుట్టారు.

2025 జూలై చివరి వారంలో, హిరోషిమాకు ఎనభై ఏళ్లు నిండబోతుండగా, నాకు పోస్టులో ఒక ప్రతి వచ్చింది. జిల్లా పోలీసు అధికారికి ఆయన రాసిన ఉత్తరం అది. ఎక్కడ, ఎన్ని గంటలకు, ఎంతసేపు. అట్ట మీద అదే వాక్యం, మన దేశం కూడా. కింద కొత్తగా ఒక పంక్తి చేర్చారు: “పోయినసారి నేను చెప్పినది కోర్టు రికార్డులో ఉంది. నకలు జతచేస్తున్నాను.”